రెండొందల పద్నాలుగు

పర్లాకిమిడిలో పొద్దున్నే బయల్దేరిన బొలేరో
గుమ్మా దాటాక ఘాటీలో రెండుసార్లు ఆగింది.
వెనకాల ఆరువందల జీడిమొక్కలు
నల్ల ప్లాస్టిక్ సంచుల్లో తలలూపుకుంటూ,
నా ఒళ్ళో అట్టపెట్టె నిండా రేకుబిళ్ళలు.
ఒక్కో బిళ్ళ మీదా ఒక్కో పేరు.
సముద్రాల అవతల ఎవరెవరో డబ్బు కట్టారు,
పోయిన తమవాళ్ళ పేరున
తలా ఒక చెట్టు.

బొండసింగి వాలు మీద చోళ్ళు అప్పటికే మోకాలెత్తు.
జూన్‌లో రావలసిన మొక్కలు ఆగస్టు ఆఖర్లో వచ్చాయి.
ఎందుకంటే నాకూ తెలీదు, నా పైవాడికీ తెలీదు.
ఎదుగుతున్న చేలో గోతులు తియ్యమని
ఎవరికి నోరొస్తుంది?
గట్లమ్మట, రాళ్ళ సందుల్లో, అడివిపంది తవ్విపోయిన చోట
ఎక్కడ పడితే అక్కడ పాతాం.
ఆడవాళ్ళు కూలి రాయించుకుని
వేలిముద్ర సిరా చెట్టుకి రాసి, నవ్వుకుంటూ దిగిపోయారు.

ఒనామి సబర మాత్రం బిళ్ళ పట్టుకుని నిలబడిపోయింది.
"ఇదేటి బాబూ, మొక్క పేరా?"
కాదమ్మా, మనిషి పేరు. ఇంగ్రిడ్.
చచ్చిపోయింది. కూతురు పంపింది.
నా సవర భాష అంతంతమాత్రం,
సగం ఒడియాలో, సగం చేతుల్తో చెప్పాను.
ఆమె కొండ కిందికి చూసింది.
అక్కడ వాళ్ళ పెద్దలు గుంపుగా నిలబడి ఉంటారు,
పోయిన మనిషికొక రాయి,
పొట్టివి, పొడుగువి, ఒకదాని మీదికొకటి ఒరిగినవి.
"ఆళ్ళ దేశంలో రాళ్ళు దొరకవా?" అంది.

దానికి జవాబు
నాకిచ్చిన ట్రైనింగులో లేదు.

మార్చిలో లెక్కకెళ్ళాను.
ఫారంలో రెండే గడులు: బతికినవి, చచ్చినవి.
మేకలు తిన్నవి, నిప్పు తిన్నవి,
ఊరికే ఎండిపోయినవి.
మూడువందల డెబ్భై పోయాయి.
ఎవర్నీ ఏమీ అనలేదు నేను,
తాగే నీళ్ళకే అక్కడ గంట నడక.

రెండొందల పద్నాలుగూ పోయింది.
గోతిలో మొక్క లేదు, రాయి ఉంది.
మోచేతెత్తు నల్లరాయి,
మెడలో తీగతో కట్టిన రేకుబిళ్ళ.
మొదట్లో ఇప్పసారా తడి,
అడ్డాకులో చోడిముద్ద.

"మొక్కయితే చచ్చిపోనాది,
ఆవిడ మరెక్కడికి పోతాది?" అంది ఒనామి.
తర్వాత గొంతు తగ్గించి,
"ఏటి తినీదో తెలీదు.
ఎప్పుడూ చోడిముద్దే పెడతన్నాను.
రాసి కనుక్కో."

ఫోటో తీసి పంపాను. కంప్యూటరు ఒప్పుకోలేదు.
చిత్రంలో మొక్క కనబడుట లేదు, తిరిగి తీయవలెను.
అడుగున రిమార్కులని అగ్గిపెట్టంత గడి ఉంటే
అందులో ఇరికించి రాశాను:
ఆమెకి తిండిలో ఏదంటే ఇష్టం?

రెండు నెలలు పట్టింది.
భువనేశ్వర్ మీదుగా, ఢిల్లీ మీదుగా
ఎన్ని బల్లలు దాటుకుని వెళ్ళిందో ఆ ప్రశ్న,
ఎవరూ కొట్టెయ్యకపోవడమే వింత.
జవాబు మూడే ముక్కలు:
అమ్మది చేపలు పట్టేవాళ్ళ ఊరు.
ఎండుచేపంటే ప్రాణం.
ఎవరు అడుగుతున్నారు?

సంతలో, కళింగపట్నం నుంచి గంపలతో వచ్చిన ఆవిడ దగ్గర
ముప్పై రూపాయలకి ఎండు నెత్తళ్ళు కొన్నాను.
బండంతా కంపని డ్రైవరు దారి పొడుగునా తిట్టాడు.
ఒనామి వాటిని నిప్పుల మీద వేసింది.
రాయికి నాలుగు పెట్టి
మిగతావి మేం ముగ్గురం తినేశాం,
తిట్టినవాడే ఎక్కువ తిన్నాడు.
"వచ్చే ఏడు మొక్కలొద్దు," అంది వేళ్ళు నాక్కుంటూ,
"ఆ పై ఊట నుంచి ఊళ్ళోకి గొట్టం అడుగు.
ఈవిడ కూతురికే రాయి. ఒనామి అడిగిందని రాయి."

చేపల ముప్పైకీ చీటీ పెట్టాను.
ఆడిటరు దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి
పక్కన రాశాడు: ఇది ఏ పద్దు?

మూడోసారి తిరిగొచ్చింది కాగితం.
ఇంకా ఏమీ రాయలేదు నేను.